రెండో గడిలో .315: అనంతపురం చీనీ తోటలో ఒక రైఫిల్‌తో నాలుగేళ్ళు

మా నాయన 1984లో లైసెన్సు తీసుకుని కొన్న పన్నెండు బోరు జంట గొట్టాల తుపాకీ ఈనాటికీ మా ఇంట్లో ఉంది. ఆయనకు డెబ్బై ఏళ్ళు నిండిన తరువాత, 2016 ఆయుధ నియమావళి కల్పించిన వెసులుబాటు ప్రకారం ఆ తుపాకీ, దాని లైసెన్సు నా పేరికి మారాయి. లైసెన్సుదారు మరణించేదాకా ఆగనవసరం లేకుండా, అతనికి డెబ్బై ఏళ్ళు నిండినా, ఆయుధం ఇరవై అయిదేళ్ళు అతని దగ్గర ఉన్నా, వాటిలో ఏది ముందయితే అప్పుడు, తాను ఎంచుకున్న వారసుడికి దానిని అప్పగించవచ్చునని ఆ నియమం చెబుతోంది. పెద్దవాళ్ళ తుపాకీ ఇంట్లో ఉన్న చాలామందికి ఈ సంగతి తెలియక, వాళ్ళు పోయిన తరువాత స్టేషన్ల చుట్టూ తిరగడం నేను చూశాను. అది అలా ఉండగా, లైసెన్సు పుస్తకంలో రెండో ఆయుధానికి ఉండే గడి ఖాళీగా ఉందన్న ఆలోచన నన్ను రెండేళ్ళు నిద్రపోనివ్వలేదు. చివరికి 2022లో ఆ గడిని బెంగాల్‌లోని ఇషాపూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీ తయారీ .315 బోరు రైఫిల్‌తో నింపాను (బోరు అంటే గొట్టం రంధ్రం కొలత). ఆ రైఫిల్ గురించి, దానిని ఎంచుకోవడంలో నేను సరిగా ఆలోచించిన విషయాల గురించి, అసలు ఆలోచించని ఒక విషయం గురించి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా చట్టం సంగతి చెప్పకపోతే తుపాకీ సంగతి అర్థం కాదు. 1959 ఆయుధ చట్టం ప్రకారం ఒక లైసెన్సుదారు మూడు తుపాకులు ఉంచుకోగలిగేవాడు. 2019 డిసెంబరులో వచ్చిన సవరణ ఆ మూడును రెండుకు తగ్గించింది. మూడోది ఉన్నవాళ్ళు ఏడాదిలోగా దానిని స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరనో అప్పగించవలసి వచ్చింది. అదే సవరణ లైసెన్సు గడువును మూడేళ్ళ నుంచి అయిదేళ్ళకు పెంచింది గనుక ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో కొంచెం ఇచ్చినట్టయింది. మొత్తానికి ఇప్పుడు ఒక మనిషికి ఉన్నవి రెండే గడులు. నాయన తుపాకీ ఒకదానిలో కూర్చుంది. మిగిలిన ఒక్కదానిలో ఏది పెట్టుకోవాలన్నది నా ప్రశ్న. పప్పులో ఉప్పు ఎక్కువైతే రేపు సరిదిద్దుకోవచ్చు గానీ, ఈ గడిలో తప్పు ఆయుధం పడితే దానిని మార్చుకోవడానికి మళ్ళీ కలెక్టరేటు మెట్లే ఎక్కాలి.

ఇక ఏ తుపాకీ ఎవరికి ఇవ్వాలన్న విషయంలో కూడా చట్టానికి సొంత అభిప్రాయం ఉంది. 13వ సెక్షన్ చదివితే అది బాగా తెలుస్తుంది. ఆత్మరక్షణకో, క్రీడకో ఇరవై అంగుళాలకు తగ్గని నున్నని గొట్టపు తుపాకీ (నాయన పన్నెండు బోరు లాంటిది) అడిగితే, నిరాకరించడానికి వేరే కారణం లేనప్పుడు, అధికారి లైసెన్సు ఇవ్వాలని ఆ సెక్షన్ అంటుంది. పంట రక్షణకైతే మందు దట్టించి కాల్చే నాటు రకం తుపాకీ ఇవ్వాలని, అది చాలదని అధికారికి నమ్మకం కలిగితే వేరే నున్నని గొట్టపు తుపాకీ ఇవ్వవచ్చునని అంటుంది. గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు సభ్యుడు గురి సాధన కోసం .22 రైఫిలో, ఎయిర్ రైఫిలో అడిగితే దానికీ ఇదే వరుస. ఇవి కాక ఇంకేది అడిగినా, .315 లాంటి పెద్ద రైఫిల్ అడిగినా, ‘తగిన కారణం’ చూపించి అధికారిని ఒప్పించాలి. అంటే చీనీ (బత్తాయి) చెట్ల కింద పందులు తవ్వుతున్నాయని చెప్పి రైఫిల్ అడిగే రైతుకు చట్టం ముందే సమాధానం రాసి పెట్టింది. నేను ఊరికి దూరంగా తోటలో నివాసం ఉండడం, రాత్రిపూట మోటారు దగ్గరకు ఒంటరిగా వెళ్ళవలసి రావడం, గతంలో జరిగిన ఒక దొంగతనం కేసు కాగితం, ఇవన్నీ జతచేసి ఆత్మరక్షణ కింద అడిగాను.

నిషిద్ధ బోరు, నిషేధం లేని బోరు అన్న విభజన ఆ తరువాత వస్తుంది. .303, 7.62 మిల్లీమీటర్ల సైనిక తూటా పట్టే రైఫిళ్ళు, సైనిక 9 మిల్లీమీటర్ల తూటా పట్టే పిస్తోళ్ళు, సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళు, ఇరవై అంగుళాల కంటే పొట్టివైన నున్నని గొట్టపు తుపాకులు మనలాంటి వాళ్ళకు అందనివి. మిగిలినవాటిలో విదేశీ సరుకు చూద్దామంటే, 1980ల నుంచి పేరున్న క్రీడాకారులు తప్ప సామాన్య లైసెన్సుదారు దిగుమతి చేసుకునే దారి మూసుకుపోయింది. అందుకే పాత వెబ్లీ స్కాట్, గ్రీనర్ తుపాకులు తాతల నుంచి మనవళ్ళకు దిగుతూ, చేతులు మారినప్పుడల్లా ఇంటి స్థలం ధర మాట్లాడినట్టు మాట్లాడబడుతుంటాయి. అన్నీ తీసేయగా నా ముందు నిలిచినవి మూడే: ఇషాపూర్ .315, అదే ఫ్యాక్టరీ .30-06, తిరుచ్చి ఫ్యాక్టరీ తయారుచేసే పన్నెండు బోరు పంప్ యాక్షన్ తుపాకీ (గొట్టం కింది పిడిని వెనక్కి ముందుకు ఆడించి తూటా ఎక్కించేది).

పంప్ యాక్షన్‌ను వద్దనుకోవడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. నాయన తుపాకీ తినే తూటాలే అది కూడా తింటుంది గనుక ఖర్చు తగ్గేదే గానీ, ఒకే పనికి రెండు పనిముట్లు ఎందుకు అనిపించింది. .30-06 తూటా గట్టిదే, గురి దూరమూ ఎక్కువే. కానీ నేను విచారించిన ఇద్దరు డీలర్ల దగ్గరా ఆ తూటాలు నిలకడగా దొరకవని తేలింది. తూటా దొరకని రైఫిల్‌కు, కరెంటు లేని మోటారుకు పెద్ద తేడా లేదు. .315 తూటాలు మాత్రం పుణె దగ్గర ఖడ్కీ ఫ్యాక్టరీ నుంచి వస్తూనే ఉంటాయి, దేశమంతటా ఈ రైఫిల్ ఉన్నవాళ్ళు ఉన్నారు, బాగుచేయగలిగే చేతులూ ఉన్నాయి. నేను .315 వైపు మొగ్గడానికి నిజమైన కారణం ఇదే.

ఈ బోరుకు ఉన్న చరిత్ర కూడా నాకు నచ్చిందని ఒప్పుకోవాలి. 19వ శతాబ్దం చివర ఆస్ట్రియా-హంగరీ సైన్యం వాడిన 8×50 మిల్లీమీటర్ల మాన్‌లికర్ తూటాయే మన .315. బ్రిటిషు ప్రభుత్వం తన సైన్యం వాడే .303 తూటా దేశంలోని పౌరుల చేతికి చిక్కకూడదనుకుంది. అప్పుడు వేటగాళ్ళకు, ఎస్టేటు దొరలకు అమ్మడానికి తుపాకీ కంపెనీలు సైన్యానికి పనికిరాని ఈ బోరును తెచ్చాయి. దొరలు పోయారు, వేట పోయింది, ఆ బోరు మాత్రం మిగిలింది. ఇలా చూస్తే ఈ రైఫిల్‌ను ఒక ఇంజనీరు కంటే ఎక్కువగా ఒక ఆంక్షే తయారుచేసింది.

దరఖాస్తు దగ్గర ఎంత కాలం గడిచిందో చెప్పి ముందుకు పోతాను. నియమాల ప్రకారం స్టేషన్ నుంచి నివేదిక ముప్ఫై రోజుల్లో రావాలి, అది అందిన అరవై రోజుల్లో లైసెన్సు అధికారి నిర్ణయం చెప్పాలి. నా విషయంలో పద్నాలుగు నెలలు పట్టింది. తహసీల్దారు నివేదిక, పోలీసు నివేదిక, డాక్టరు సర్టిఫికెట్, ఆయుధాన్ని భద్రంగా ఉంచుతానన్న హామీ పత్రం, ఆయుధ భద్రతా శిక్షణ పూర్తి చేసిన సర్టిఫికెట్, అన్నీ ఉన్నా ఫైలు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదకు దానంతట అది నడవలేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు హిందూపురం వైపున్న నా మిత్రుడి ఫైలు కొత్త శ్రీ సత్యసాయి జిల్లాకు వెళ్ళి అక్కడ కొన్నాళ్ళు ఎవరికీ కనబడలేదు. నా తోట పాత జిల్లాలోనే ఉండిపోవడం నా అదృష్టం.

రైఫిల్‌ను నేను కొన్నది జిల్లా బయటి ఒక డీలరు దగ్గర. దుకాణం చిన్నదే, మనిషి మర్యాదస్థుడే. కానీ పెట్టెలో వచ్చిన రైఫిల్‌ను గ్రీజు తుడవకుండానే నా చేతిలో పెట్టి, నెంబరును లైసెన్సు పుస్తకంలో ఎక్కించి, ‘ఫ్యాక్టరీ సరుకు సార్, చూసేదేముంది’ అని పంపించబోయాడు. నేను పట్టుబట్టి ఒక పాత గుడ్డ అడిగి గొట్టం లోపల తుడిపించి, వెలుగుకు ఎదురుగా పెట్టి చూశాను. చూసిన మొదటి రైఫిల్ గొట్టం మొదట్లో సన్నని గీత కనిపించింది. అది ఉలి గీతో, గ్రీజు మరకో తేల్చుకోవడం ఇష్టం లేక రెండోది తీయించాను. ఆయన ముఖం మాడినా మాట అనలేదు. కొనేవాళ్ళకు నేను చెప్పగలిగిన ఒక్క సలహా ఇక్కడే ఉంది. గొట్టం లోపల, బోల్టు (తూటాను గొట్టంలోకి తోసి మూసే కడ్డీ) ముందు ముఖం, కర్రకు ఇనుముకు మధ్య సందు, ఈ మూడింటినీ దుకాణంలోనే చూడండి, ఎందుకంటే మార్పిడి అనేది ఈ సరుకుకు ఉండదు. నెంబరు పుస్తకంలో ఎక్కిన మరుక్షణం అది మీది.

ఇంటికి తెచ్చిన రోజు కిరోసిన్‌లో ముంచిన గుడ్డలతో గ్రీజు వదిలించడానికి ఒక మధ్యాహ్నమంతా పట్టింది. మొదటి చూపులో రైఫిల్ పర్వాలేదనిపిస్తుంది, తేరిపార చూస్తే ఫ్యాక్టరీ తొందర కనిపిస్తుంది. కర్ర మంచిదే గానీ వార్నిషు ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా పూశారు. ట్రిగ్గరు పక్కన ఇనుము అంచు వేలికి గీసుకునేంత పదునుగా ఉంది, దానిని నేను సన్నని ఎమరీ కాగితంతో రుద్ది మొద్దు చేసుకున్నాను. భుజానికి ఆనించే బట్టు చివర ఇనుప పలక ఉంది, కానీ భుజానికి మెత్తగా తగిలే రబ్బరు లేదు. మూడు కిలోల పైచిలుకు బరువున్న ఆ వస్తువు చేతిలో నిలకడగా నిలుస్తుంది, అందులో నాకు ఫిర్యాదు లేదు.

దీని యంత్రాంగం పాత లీ ఎన్‌ఫీల్డ్ వంశానికి చెందినది. బోల్టును పైకెత్తి వెనక్కి లాగి ముందుకు తోసేటప్పుడు, చివరి అంగుళంలో చేతికి ఒక ఎదురు తగులుతుంది. కొట్టు సూది వెనుక స్ప్రింగు బిగుసుకునేది అక్కడే. బోల్టును ఎత్తేటప్పుడే స్ప్రింగు బిగిసే ఇతర రైఫిళ్ళకు అలవాటుపడ్డవాడికి మొదట్లో ఇది వింతగా ఉంటుంది, కానీ పదిసార్లు చేస్తే చేతికి ఎక్కుతుంది, ఆపైన వేగమూ వస్తుంది. కొత్త రైఫిల్‌లో బోల్టు గరగరమంటూ కదిలింది. రెండు వందల సార్లు ఖాళీగా ఆడించి, పలచని నూనె రాస్తూ పోతే ఇప్పుడు తలుపు గడియలా జారుతుంది. ట్రిగ్గరు మాత్రం బరువు. మొదట కొంత వదులు, తరువాత ఒక గట్టి మెట్టు, ఆ మెట్టు ఎప్పుడు విరుగుతుందో తెలియని ఎదురుచూపు. గురి తప్పడానికి నా చేయి ఎంత కారణమో ఈ ట్రిగ్గరూ అంతే కారణమని నా నమ్మకం. దానిని తేలిక చేయమని ఊళ్ళో మెకానిక్కు ఇవ్వడం గురించి ఆలోచించడమే తప్పు. ఆయుధాన్ని మార్పు చేయడానికి, బాగుచేయడానికి లైసెన్సు ఉన్నవాళ్ళే దానిని ముట్టుకోవాలి.

మ్యాగజైన్‌లో అయిదు తూటాలు పడతాయి. ఇక్కడ ఒక కిటుకు ఉంది, పుస్తకంలో రాసి ఉండదు. ఈ తూటాకు అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. ఒకదానిపై ఒకటి పేర్చేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు పడాలి. వెనుక పడిందా, బోల్టు తోసినప్పుడు రెండూ కొక్కెం వేసుకున్నట్టు పట్టుకుని కదలవు. రాష్ట్రంలోనే ఉన్న ఒక రైఫిల్ క్లబ్బు రేంజిలో నేను మొదటిసారి కాల్చిన రోజు మూడో తూటా దగ్గర బోల్టు బిగుసుకుపోయింది. రైఫిల్‌ది లోపమనుకుని నేను తిట్టుకుంటుంటే, అక్కడి శిక్షకుడు మ్యాగజైన్ తీసి, తూటాలు బోర్లించి, ఒక్కొక్కటి మళ్ళీ పేర్చి చూపించి, ‘తమలపాకులు పేర్చినట్టు పేర్చు అన్నా, ఒకదాని మీద ఒకటి జరిపి’ అన్నాడు. ఆ తరువాత ఈ నాలుగేళ్ళలో ఆ ఇబ్బంది మళ్ళీ రాలేదు.

గురి విషయానికొస్తే, దుకాణం నుంచి వచ్చిన రైఫిల్ యాభై మీటర్ల దగ్గర జానెడు ఎడమకు కొట్టింది. గురి చూసే ముందు సైటును (గొట్టం మూతి దగ్గరి మొనను) కొద్దిగా జరిపించిన తరువాత, బల్లకు ఆనించి నేను కాల్చిన అయిదు తూటాలు అరచేతి వెడల్పులో పడ్డాయి. వంద మీటర్లకు అది రెండు అరచేతులైంది. నాకంటే మంచి గురికాడు దీనితో ఇంకా దగ్గరగా కొట్టగలడు. ఆ శిక్షకుడే నా కళ్ళముందు కొట్టి చూపించాడు. దుర్భిణి లాంటి అద్దాల సైటు బిగించుకునే ఏర్పాటు నా రైఫిల్‌కు లేదు, యాభై ఆరేళ్ళ కళ్ళకు వెనుక సైటు గాడి మసకగా కనిపించడం దాని తప్పు కాదు. తూటా దెబ్బ భుజానికి గట్టిగానే తగులుతుంది. పదిహేను కాల్చిన రోజు రాత్రి పక్కకు తిరిగి పడుకోలేకపోయాను.

అనంతపురం వాతావరణం ఈ రైఫిల్‌కు ఒక విధంగా మేలు, ఒక విధంగా కీడు. దేశంలోనే అతి తక్కువ వర్షం కురిసే జిల్లాలలో ఒకటి గనుక తుప్పు బెడద తక్కువ. కానీ ఏప్రిల్, మే నెలల వేడికి కర్ర ఎండి కుంచించుకుపోయి, దానిని ఇనుముకు పట్టి ఉంచే మరలు వదులవుతాయి. రెండో ఏడాది గురి ఉన్నట్టుండి తప్పడం మొదలైతే గొట్టం పాడైందేమోనని భయపడ్డాను. తీరా చూస్తే కింది మర పావు చుట్టు తిరిగింది. అప్పటి నుంచి ఉగాదికి ఒకసారి, వానలు మొదలయ్యేటప్పుడు ఒకసారి మరలు బిగించి, కర్రకు అవిసె నూనె పట్టిస్తున్నాను. కర్ర ఇప్పుడు వార్నిషు పూసిన నాటికంటే అందంగా ఉంది.

తుప్పు తక్కువన్నాను గానీ, ఎన్నికల సంగతి వేరు. కోడ్ అమల్లోకి రాగానే లైసెన్సు తుపాకులను స్టేషన్‌లో అప్పగించడం మన సీమలో కొత్త కాదు. నాయన కాలం నుంచీ ఎన్నికలంటే మా ఇంట్లో మొదట గుర్తొచ్చేది ఓటు కాదు, తుపాకీ సంచి. 2024లో మార్చి 16న షెడ్యూలు వచ్చింది, మే 13న పోలింగు, జూన్ 4న లెక్కింపు. రెండు తుపాకులనూ మార్చిలోనే ఇచ్చి రసీదు తీసుకున్నాను, జూన్‌లో తిరిగి తెచ్చుకున్నాను. స్టేషన్ పేరు అనవసరం, వాళ్ళకున్న చోటు అంతే. వందల తుపాకులను ఒక గదిలో గోడకు ఆనించి నిలబెట్టారు. నా రైఫిల్ గొట్టం మూతి దగ్గర గోరు వెడల్పున ఎర్రటి తుప్పు, కర్ర మీద పక్క తుపాకీ రాసుకున్న గీత. బోల్టు పైన ఎవరివో వేలిముద్రలు తుప్పుగా అచ్చుపడ్డాయి. ఆ వేలిముద్రలు ఎవరివో పోలీసులే కనిపెట్టగలరని మా ఆవిడ నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు నా పద్ధతి ఏమిటంటే, అప్పగించే ముందు గొట్టం లోపలా బయటా చిక్కని గ్రీజు పూసి, గుడ్డ సంచిలో కాక లోపల మందమైన ఉన్ని ఉన్న జిప్పు సంచిలో పెట్టి, నెంబరు కనిపించేలా, ఆయుధం స్థితి తెలిసేలా ఫోటోలు తీసుకుని, రసీదు మీద ‘తుప్పు లేదు, కర్ర మీద గీతలు లేవు’ అని రాయించుకోవడం. రాయడానికి మొహమాటపడతారు, అడిగితే రాస్తారు.

ఇంట్లో ఉంచడంలో మాత్రం బోల్టు రైఫిల్‌కు నాయన తుపాకీ కంటే ఒక మేలు ఉంది. బోల్టు ఊడదీస్తే మిగిలింది ఇనుప గొట్టమే. రైఫిల్ ఇనుప పెట్టెలో, బోల్టు బీరువా లాకరులో, తూటాలు వేరే గదిలో తాళం కింద ఉంటాయి. మనవడు ఇంటికి వచ్చే సెలవుల్లో ఈ ఏర్పాటు నాకు చాలా ధైర్యం ఇస్తుంది. పెళ్ళిళ్ళకు తుపాకీ తెమ్మని అడిగే బంధువులు మాకూ ఉన్నారు. ఇతరులకు ప్రమాదం కలిగేలా సంబరానికి కాల్చినా రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని 2019 సవరణ స్పష్టంగా చెప్పిందన్న సంగతి వాళ్ళకు వినిపించడం ఇప్పుడు నాకు ఒక అలవాటుగా మారింది.

ఇప్పుడు నేను ఆలోచించని విషయం. రైఫిల్ ఇంటికి తెచ్చిన రోజు నాయన దానిని చేతిలోకి తీసుకుని, బరువు చూసి, గొట్టం వైపు చూసి ఒకటే అడిగారు: ‘బాగుండాది గానీ, యాడ కాలుస్తావురా దీన్ని?’ ఆ రోజు పెద్దాయన చాదస్తమనుకున్నాను. నాలుగేళ్ళుగా ఆ ప్రశ్నకు సమాధానం వెతుకుతున్నాను.

తోటలో కాల్చడానికి వీల్లేదు. పన్నెండు బోరు తూటాలోని సన్న సీసపు గుళ్ళు రెండు మూడు వందల మీటర్లలో బలం కోల్పోయి రాలిపోతాయి. .315 తూటా అడ్డు లేకపోతే కిలోమీటర్ల దూరం పోతుంది. మా వైపు నేల చదును, కంటికి అడ్డం ఒక గుట్ట కూడా లేదు. చేనుగట్ల మీద గొర్రెల కాపరులు, వేరుశనగ చేలలో కూలీలు, దారిన ఆటోలు. పందులను బెదిరించడానికి చప్పుడు కావాలి, ఆ చప్పుడు నాయన తుపాకీ ఇంతకంటే బాగా చేస్తుంది. పందిని కాల్చడమంటారా, 1972 వన్యప్రాణి చట్టం కింద అధికారుల అనుమతి లేకుండా అది నేరం. చేలలోకి దిగే కృష్ణజింకల మాట ఎత్తనే కూడదు. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు నివసించే లైసెన్సుదారులు తమ ఆయుధాన్ని అటవీ అధికారుల దగ్గర నమోదు చేయించుకోవాలన్న నియమం కూడా ఉంది. మా తోట ఆ పరిధిలో లేదు గానీ, కడపలో లంకమల పక్కన, నల్లమల అంచున ఉన్నవాళ్ళు కొనే ముందే దానిని గుర్తుంచుకోవాలి.

ఇక రేంజిలో కాల్చడం. బెంగళూరు మాకు దగ్గర, కానీ నా లైసెన్సు రాష్ట్రం వరకే చెల్లుతుంది, సరిహద్దు దాటి రైఫిల్ తీసుకుపోలేను. దేశమంతటికీ చెల్లేలా అడగవచ్చు, దానికి కారణం చూపాలి, మళ్ళీ ఫైలు నడవాలి. రాష్ట్రంలో ఇంత పెద్ద తూటా కాల్చనిచ్చే రేంజి నాకు అందుబాటులో ఉన్నది ఒక్కటే, అదీ ఒక పగలు ప్రయాణం. అందువల్ల ఏడాదికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు వెళ్తాను. తూటాలకు లైసెన్సు పుస్తకంలో రాసిన పరిమితి ఉంది, ధర కూడా గాలిలోకి పేల్చి పారేసేంత తక్కువ కాదు. నాలుగేళ్ళలో ఈ రైఫిల్‌తో నేను కాల్చినవి మొత్తం నూరు తూటాలు కూడా ఉండవు. రాత్రి మోటారు దగ్గరకు తీసుకుపోయేది ఏది అంటే, నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, నాయన తుపాకీయే. చీకట్లో ఇరవై అడుగుల దూరంలో పనికొచ్చేది అది.

నాకు ఆలస్యంగా తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది, ఇది తెలిసి ఉంటే నా ఎంపిక వేరేలా ఉండేది. రెండు తుపాకుల పరిమితి విధించిన 3వ సెక్షన్‌లోనే, గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు సభ్యుడు గురి సాధనకు వాడే .22 రైఫిల్‌కు, ఎయిర్ రైఫిల్‌కు ఆ పరిమితి వర్తించదని ఉంది. అంటే గురి కొట్టడంలోని ఆనందం కోసమే రైఫిల్ కావాలనుకునేవాడు విలువైన గడిని దానికి ఖర్చు చేయనక్కరలేదు, క్లబ్బులో చేరి ఆ దారిలో వెళ్ళవచ్చు. ఎన్నికలప్పుడు కూడా జాతీయ రైఫిల్ సంఘం సభ్యులైన క్రీడాకారులకు అప్పగింత నుంచి మినహాయింపు దొరుకుతుంది. .22 తూటా ఖర్చు తక్కువ, భుజానికి నొప్పి లేదు. ఇంకా తేలిక దారి కావాలంటే, 4.5 మిల్లీమీటర్లకు మించని బోరు, 20 జౌల్స్‌కు మించని శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సే అక్కరలేదు. నిరుడు నేను ఒకటి కొన్నాను. దుకాణంలో గుర్తింపు కార్డు నకలు తీసుకుని చేతికిచ్చారు, అంతే. తోటలో పంపుసెట్టు గది వెనుక, మట్టి కట్టకు ఆనించి చెక్క పలక పెట్టుకుని, సాయంత్రం పూట పది మీటర్ల దూరంలో రోజుకు నలభై గుళ్ళు కాలుస్తున్నాను. ఆ గుళ్ళతో పిట్టలను కొట్టడమూ వన్యప్రాణి చట్టం కింద నేరమే గనుక పలక తప్ప ఇంకేదీ గురి కాదు. నాలుగేళ్ళలో .315 నేర్పనిది నాలుగు నెలల్లో అది నేర్పింది. ఆ తరువాత రేంజికి వెళ్ళినప్పుడు .315 అయిదు తూటాలూ అరచేయి మధ్యలో పడ్డాయి.

ఇంతకీ ఇషాపూర్ .315 మంచి రైఫిలేనా అంటే, మంచిదే. గట్టిది, సరళమైనది, తూటా దొరుకుతుంది, విడదీసి శుభ్రం చేయడం పది నిమిషాల పని, నా చేతిలో ఒక్కసారి కూడా తూటా పేలకుండా ఉండలేదు. పనితనంలో నునుపు లేదు, ట్రిగ్గరు బరువు, బట్టుకు రబ్బరు లేదు, సైట్లు పాతకాలపువి. కాల్చుకునే చోటు దగ్గరలో ఉండి, పెద్ద రైఫిల్‌కు తగిన కారణం చూపగలిగి, పన్నెండు బోరు ఇదివరకే ఇంట్లో ఉన్నవాళ్ళు దీనిని నిశ్చింతగా తీసుకోవచ్చు. మొదటి తుపాకీగా, అందులోనూ తోట కాపలాకు, దీనిని నేను ఎవరికీ చెప్పను. అలాంటివాళ్ళకు నున్నని గొట్టపు జంట తుపాకీ చాలు, చట్టమూ దానికే సులువుగా ఒప్పుకుంటుంది.

అమ్మేద్దామా అని ఒకసారి ఆలోచించాను. డీలరు చెప్పిన ధర విని ఊరుకున్నాను. లైసెన్సు రెన్యువల్ వచ్చే ఏడాది ఉంది. ఈసారి దరఖాస్తుతో పాటు దేశమంతటా చెల్లుబాటు కోరుతూ ఒక కాగితం, క్లబ్బు సభ్యత్వం నకలు జతచేయబోతున్నాను. అవి ఒప్పుకుంటే బెంగళూరు రేంజి మూడు నాలుగు గంటల దారి. నాయనకు అప్పుడు నేరుగా సమాధానం చెప్పవచ్చు, ఆయనింకా వారానికి ఒకసారైనా ఆ ప్రశ్న అడుగుతూనే ఉన్నారు.